పాత సీడీ ప్లేయర్‌కు ఏది మేలు: ఆప్-యాంప్ మార్చడమా, కెపాసిటర్లా, బయటి డ్యాకా?

పాత ప్లేయర్ శబ్దం మెరుగుపడాలంటే ఎక్కువ మంది ముందు ఆప్-యాంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్) మార్చమనే చెబుతారు. చాలా ప్లేయర్లలో అవుట్‌పుట్ దగ్గర ఎన్ఈ5532 అనే ఆప్-యాంప్ ఉంటుంది. దాన్ని తీసి అదే చోట ఎల్ఎం4562 పెట్టొచ్చు, కాళ్ల అమరిక ఒకటే, ఖర్చూ తక్కువే. అయినా నేను దీన్ని చివర్లోనే పెడతాను. 16 బిట్ల సీడీ డైనమిక్ రేంజ్, అంటే అతి చిన్న, అతి పెద్ద శబ్దాల మధ్య తేడా, సుమారు 96 డెసిబెల్స్. దానికి 5532 ఇప్పటికే సరిపోయేంత మంచి చిప్. పైగా వేగం ఎక్కువున్న చిప్‌లకు సప్లై కాళ్ల దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ లేకపోతే ఆసిలేషన్ (చిప్ తనంతట తానే అనవసర సిగ్నల్ పుట్టించడం) మొదలయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు బాగుపడాల్సిన శబ్దం పాడవుతుంది.

ముప్పై ఏళ్ల ప్లేయర్‌లో నిజంగా అరిగిపోయేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. లోపలి ద్రవం ఎండిపోయి, పవర్ సప్లైలో రిపుల్ (వోల్టేజ్‌లో మిగిలే హెచ్చుతగ్గులు) పెరుగుతుంది. అవుట్‌పుట్ దారిలో ఉన్నది బలహీనపడితే బేస్ తగ్గుతుంది. కాబట్టి నా మొదటి ఓటు వీటికే. అదే విలువ, అంతే లేదా కాస్త ఎక్కువ వోల్టేజ్, 105 డిగ్రీల వేడి వరకు తట్టుకునే రకం తీసుకోండి. ఇవి కొనడానికి హైదరాబాద్ వాళ్లకు కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. ప్లగ్ తీసి, పెద్ద కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాకే సోల్డరింగ్ ఐరన్ పట్టండి. పాజిటివ్, నెగటివ్ తారుమారైతే కెపాసిటర్ పేలిపోవచ్చు.

కోయాక్సియల్ లేదా ఆప్టికల్ డిజిటల్ అవుట్ ఉంటే బయటి డ్యాక్ (డిజిటల్ డేటాను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పరికరం) మంచి దారి. అప్పుడు ప్లేయర్ డిస్క్‌ని చదివి డేటా పంపుతుంది, అంతే. లోపలి అనలాగ్ భాగంతో పాటకు పని ఉండదు. డ్యాక్ కొనే ఆలోచన ఉంటే ఆప్-యాంప్ మీద డబ్బు పెట్టకండి. 1982 నాటి సోనీ సీడీపీ-101కు డిజిటల్ అవుట్ లేదు, దానికి ఈ దారి అంత సులువు కాదు. ఫిలిప్స్ టీడీఏ1541ఏ అనే డ్యాక్ చిప్ లోపలే ఉన్న ప్లేయర్‌కు మాత్రం నేను బయటి డ్యాక్ పెట్టను. ఆ చిప్ శబ్దం కోసమే దాన్ని వెతికి కొంటారు. కెపాసిటర్లు మార్చి, లెన్స్ శుభ్రం చేసి వాడుకోవడం మేలు.

కొత్త క్లాక్ బోర్డు (ప్లేయర్‌లోని డిజిటల్ భాగాలకు సమయం అందించేది) మాత్రం పెట్టే డబ్బుకు తగదు. ఇప్పుడు ఆ పని చేస్తున్న క్రిస్టల్ సరిగా ఉంటే చెవికి తేడా తెలియడం కష్టం.

ఏ మార్పు చేసినా, ముందూ తర్వాతా శబ్దం స్థాయి మల్టీమీటర్‌తో ఒకటే ఉండేలా చూసుకుని పోల్చండి. కొంచెం ఎక్కువ బిగ్గరగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది.