పెట్టె మీది వేగం చూసి తూటాలు కొనకండి: 6.5 క్రీడ్‌మోర్‌తో కొన్ని సీజన్ల అనుభవం

టెక్సస్‌లో కొత్తగా వేట మొదలుపెట్టిన మనవాళ్లు నన్ను ముందుగా అడిగేది తూటా వేగం గురించే. "సెకనుకి ఎన్ని అడుగులు వెళ్తుందన్నా?" అంటారు. పెట్టె మీద అన్నిటికన్నా పెద్దగా కనిపించేది ఆ అంకే మరి. చాలా సీజన్లుగా ఒకే రైఫిల్‌తో తిరుగుతున్నాను, నా లెక్కలో మాత్రం వేగానిది మూడో స్థానం. మొదటిది ప్రెషర్, అంటే తూటా పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి. రెండోది గురి.

నా రైఫిల్ ఫిన్లాండ్‌లో తయారైన టిక్కా టీ3ఎక్స్ లైట్. బ్యారెల్ 24 అంగుళాల పైచిలుకు, స్కోప్ లేకుండా బరువు మూడు కిలోల దగ్గర. వాడేది 6.5 క్రీడ్‌మోర్ రకం, 140 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) తరగతి బుల్లెట్ ఉన్న ఫ్యాక్టరీ తూటాలు. తూటా అంటే కేసు, మందు, బుల్లెట్ అన్నీ కలిసింది, బుల్లెట్ అంటే ముందుకి దూసుకెళ్లే ముక్క మాత్రమే. ఈ తరగతిలో చాలావాటికి పెట్టె మీద 2,700 అడుగులు, అటూ ఇటూగా ఉంటుంది. తూటా కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు. నా రైఫిల్‌లో వంద గజాల దగ్గర అంగుళం గ్రూపు (వరస దెబ్బల చిల్లులు పరుచుకున్న వెడల్పు) ఇచ్చిన పెట్టె మీ రైఫిల్‌లో రెండున్నర అంగుళాలు ఇవ్వొచ్చు. కాబట్టి పేరు చెప్పినా మీకు పనికొచ్చే సమాచారం కాదది. వేట అంతా టెక్సస్‌లోని హిల్ కంట్రీ కొండల ప్రాంతంలోనే, తెల్లతోక జింకలు, అడవిపందులు. ఎక్కువ కాల్పులు 150 గజాల లోపే.

ముందు వేగం సంగతి తేల్చేద్దాం. 200 గజాలకి జీరో చేసిన (ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా స్కోప్ సరిచేసిన) రైఫిల్‌లో 2,700 అడుగుల వేగంతో బయల్దేరిన ఇలాంటి బుల్లెట్ 300 గజాల దగ్గర సుమారు ఎనిమిది అంగుళాలు కిందికి దిగుతుంది. అదే బుల్లెట్‌ని వంద అడుగులు తక్కువ వేగంతో పంపి, మళ్లీ 200 గజాలకే జీరో చేసుకుంటే అదనంగా దిగేది అంగుళం లోపే. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడ్డంగా ఎనిమిది అంగుళాల దాకా ఉంటుంది. ఆ అంగుళం లోపు తేడా మంచె మీద కూర్చున్న వేటగాడి చేతి వణుకులో కలిసిపోయేదే.

దీనికి వందేళ్లు దాటిన సాక్ష్యం ఉంది. స్వీడన్, నార్వేల్లో 1894 నాటి 6.5x55 తూటాతో మూస్‌లని వేటాడుతున్నారు. మూస్ అంటే జింక జాతిదే, కానీ మన గేదె కన్నా ఎత్తు. అమెరికాలో తూటాల ప్రమాణాలు చూసే సామీ సంస్థ ఆ తూటాకి 51,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, ప్రెషర్ కొలత) దగ్గరే గీత గీసింది, పాత మౌజర్ రైఫిళ్లు ఇంకా జనం చేతుల్లో ఉన్నాయి కాబట్టి. 2007లో వచ్చిన క్రీడ్‌మోర్‌కి 62,000 పీఎస్ఐ దాకా అనుమతి. అంత తేడా ఉన్నా, అదే లావు బుల్లెట్‌ని నెమ్మదిగా తోసే ఆ పాత తూటా తన పని తాను చేస్తూనే వచ్చింది. పొడుగ్గా, బరువుగా ఉన్న బుల్లెట్ లోతుగా దిగుతుంది. అది సరిగ్గా విచ్చుకునేంత వేగం ఉంటే చాలు.

ఇక ప్రెషర్. దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ అడగరు. తూటాలోని మందు అంటుకోగానే దాని ఇత్తడి కేసు (తొడుగు) ఉబ్బి, తూటా కూర్చునే ఛాంబర్ గోడకి అతుక్కుంటుంది. బుల్లెట్ బయటికి వెళ్లి ప్రెషర్ పడిపోగానే కేసు కాస్త ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడం వల్లే బోల్ట్ (ఛాంబర్‌ని వెనక నుంచి మూసే కడ్డీ) తేలిగ్గా లేస్తుంది. ప్రెషర్ హద్దు దాటితే ఇత్తడి సాగిపోయి ఇక వెనక్కి రాదు. అప్పుడు బోల్ట్ హ్యాండిల్ మొరాయిస్తుంది. 308 వించెస్టర్‌కి 62,000, 30-06కి 60,000, 270కి 65,000 అని సామీ వేర్వేరు అంకెలు పెట్టింది. ఏ తూటా హద్దు దానిదే, ఒకదాని ధీమాతో ఇంకోదాన్ని తోయకూడదు. 2022లో అమెరికా సైన్యం ఎంచుకున్న కొత్త 6.8 తూటా 80,000 పీఎస్ఐ దగ్గర పనిచేస్తుంది, కానీ దాని కేసు అడుగుభాగం ఇత్తడి కాదు, ఉక్కు. ఇత్తడి ఓర్పు ఎంతో అక్కడే తెలుస్తోంది.

మా గుంపులో ఒక తమ్ముడు 20 అంగుళాల బ్యారెల్ ఉన్న రైఫిల్ కొన్నాడు. మామూలు కన్నా వందకి పైగా అడుగులు ఎక్కువ అని రాసున్న తూటాలు తెచ్చుకున్నాడు. సెప్టెంబర్ మధ్యాహ్నం, రేంజ్‌లో పెట్టె ట్రక్ టెయిల్‌గేట్ మీద ఎండలో ఉంది. కాలుస్తూ కాలుస్తూ ఒకచోట బోల్ట్ ఎత్తబోతే లేవలేదు. "అన్నా, బిగుసుకుపోయింది" అన్నాడు. అరచేత్తో కొట్టి తెరిచాం. ఆ కేసు నా దగ్గరే ఉంది. అడుగున అక్షరాల మీద అర్ధచంద్రాకారంలో మెరిసే మచ్చ, బోల్ట్ ముఖం మీది ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి తోసేది) రంధ్రంలోకి ఇత్తడి దూరిన గుర్తు. ప్రైమర్ (కేసు అడుగున ఉండి మందుని అంటించే చిన్న మూత) అంచులు గుండ్రంగా ఉండాల్సింది, నాణెంలా చదునై గుంట అంచుకి ఒరుసుకుపోయింది. నీడలో ఉంచిన పెట్టెలోవి మర్నాడు పొద్దున అదే రైఫిల్‌లో ఏ ఇబ్బందీ లేకుండా పేలాయి.

మందుకి వేడి తగిలితే వేగంగా మండుతుంది. కొన్ని రకాలకి ఫారెన్‌హీట్ డిగ్రీ ఒక్కింటికి సెకనుకి ఒక అడుగు దాకా వేగం పెరుగుతుంది, దాంతోపాటే ప్రెషర్. వేడికి పెద్దగా మారని మందులూ ఉన్నాయి కానీ పెట్టె మీద ఆ సంగతి రాసి ఉండటం అరుదు. హద్దుకి ఆనుకుని నింపిన తూటా టెక్సస్ ఎండలో హద్దు దాటడానికి ఎంతో దూరం లేదు. వేటలో బిగుసుకున్న బోల్ట్ అంటే రెండో దెబ్బ లేదని. గాయపడిన జింక పొదల్లోకి పోతుంటే చేతిలో తెరుచుకోని రైఫిల్ ఉండటం నాకు భరించలేని విషయం. నేను ప్రెషర్‌ని మొదట పెట్టేది అందుకే.

ఆ తమ్ముడి రైఫిల్‌లో రాడార్ క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి చూస్తే పెట్టె మీది అంకె రానేలేదు. ఆ అంకె 24 అంగుళాల బ్యారెల్‌లో కొలిచింది. బ్యారెల్ అంగుళం తగ్గితే 20 నుంచి 30 అడుగులు పోతాయి. దీన్ని తిరగేసి చూస్తే ఇంకా విలువైన సంగతి తెలుస్తుంది. మీ బ్యారెల్ పొడవుకి రావాల్సిన దానికన్నా బాగా ఎక్కువ వేగం కనిపిస్తే సంబరపడకండి. వేగం ఊరికే రాదు, ప్రెషర్ నుంచే వస్తుంది. మన దగ్గర ప్రెషర్ కొలిచే పరికరం ఉండదు కాబట్టి దానికి దగ్గరి సాక్షి క్రోనోగ్రాఫే. ప్రైమర్ మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండటానికీ లేదు, కొన్ని మెత్తగా ఉంటాయి, కొన్ని గట్టిగా ఉంటాయి. సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లు మందు తయారీదారు పుస్తకంలోని గరిష్ఠాన్ని లక్ష్మణరేఖ అనుకోవాలి.

గురి విషయంలో నా పద్ధతి వేరు. మూడు దెబ్బల గ్రూపు ఫొటోల మీద నాకు నమ్మకం లేదు. అవే తూటాలతో పది దెబ్బలు కాలిస్తే గ్రూపు సగటున ఒకటిన్నర రెట్లు అవుతుంది, అది లెక్కల నియమం. పైగా నా రైఫిల్‌ది సన్నటి బ్యారెల్, వరసగా కాలిస్తే వేడెక్కుతుంది. జింక ముందు పేలేది చల్లటి బ్యారెల్‌లోంచి వచ్చే మొదటి తూటా. అందుకని ఒకే కాగితం దాచుకున్నాను. రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ మొదటి దెబ్బ దాని మీదే, తేదీ, ఎండ ఎంతో పక్కన రాసుకుంటాను. ఇప్పుడు వాడుతున్న తూటాకి నెలల తరబడి పడిన ఆ చిల్లులన్నీ నా అరచేతి కింద దాక్కుంటాయి. ఈ తూటాని వదలకపోవడానికి ఇదొక్కటే కారణం. దీనికన్నా చిన్న గ్రూపులు ఇచ్చినవి దొరికాయి, కానీ వాటి మొదటి దెబ్బ ఒక్కోరోజు ఒక్కోచోట పడేది.

ఒకే పెట్టెలో ఒక తూటాకీ ఇంకోదానికీ వేగంలో 60 అడుగుల తేడా ఉందని కొందరు బాధపడతారు. 300 గజాల దగ్గర దాని ప్రభావం పైనుంచి కిందికి మొత్తం అంగుళం దగ్గరే. అంతకన్నా లాట్ నంబర్ మారడం ఎక్కువ ఇబ్బంది. పేరు అదే, బరువు అదే, మందు కొత్త బ్యాచ్. నేను ఒకే లాట్‌వి సీజన్‌కి సరిపడా ఒకేసారి కొంటాను. ఒక్కో తూటా రెండు డాలర్ల దగ్గర పడుతుంది కాబట్టి ఒకేసారి ఖర్చు బరువే, కానీ కొత్త లాట్‌కి మళ్లీ జీరో చేసుకునే తూటాలు మిగులుతాయి.

మాంసం సంగతీ చెప్పాలి, మనం తినడానికే కదా వేటాడేది. తేలికైన, వేగమైన సీసపు బుల్లెట్ యాభై గజాల్లో భుజం ఎముకకి తగిలితే ముందుకాలంతా నల్లటి గడ్డకట్టిన రక్తంతో పాడవుతుంది. కూర వండే వీలుండదు. దగ్గరి వేటకి నెమ్మదైన తూటా మేలు చేసేది ఇక్కడ. పూర్తి రాగి బుల్లెట్లు అంతగా చెదరవు. 2019 జులై నుంచి కాలిఫోర్నియాలో వేటకి సీసం పూర్తిగా నిషేధం కాబట్టి అక్కడివాళ్లకి అవే దిక్కు. అయితే చాలా రాగి బుల్లెట్లు బాగా విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు 2,000 అడుగుల వేగం ఉండాలి. వేగానికి నేను నిజంగా విలువిచ్చే చోటు అదొక్కటే.

వీసా మీద ఉన్నవాళ్లకి ఒక మాట. హెచ్1బీ లాంటి వీసాల్లో ఉన్నవారు గడువు తీరని వేట లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీయే కాదు, తూటాలు దగ్గర ఉంచుకున్నా ఫెడరల్ నేరమే. లైసెన్స్ గడువు తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ) నియమం కూడా వర్తిస్తుంది.

24 అంగుళాల బ్యారెల్ ఉండి 250 గజాల లోపు వేటాడేవాళ్లు 140 గ్రెయిన్ల తరగతిలో మామూలు వేగం ఉన్న తూటాలు రెండు మూడు కంపెనీలవి తెచ్చి, మొదటి దెబ్బ నిలకడగా పడేదాన్ని ఎంచుకోండి. 22 అంగుళాలైతే పెట్టె అంకెలోంచి 50 తీసేసి స్కోప్ లెక్క వేసుకోండి. సప్రెసర్ (శబ్దం తగ్గించే గొట్టం) కోసం 18 అంగుళాలకి దిగినవాళ్లు రాగి బుల్లెట్‌తో 300 గజాలు దాటి కాల్చకండి. పెట్టె ఏదైనా సరే ట్రక్ డ్యాష్‌బోర్డు మీద వదిలేయొద్దు.