జొటేరోతో ఏడేళ్లు: రెఫరెన్సుల పనిలో నా అనుభవం

నా మొదటి పరిశోధన వ్యాసంలోని అరవైకి పైగా రెఫరెన్సులను చేత్తోనే పేర్చాను. ఒక జర్నల్ తిరస్కరించిన ఆ వ్యాసాన్ని మరో జర్నల్‌కు పంపాలనుకున్నప్పుడు, వరుస అంకెల పద్ధతి నుంచి రచయిత పేరు, సంవత్సరం పద్ధతికి అన్నింటినీ మార్చడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ తరువాతే రెఫరెన్సులను భద్రపరిచి, వ్యాసంలో పేర్చిపెట్టే జొటేరో అనే సాఫ్ట్‌వేర్‌కు మారాను. ఏడేళ్లుగా అదే వాడుతున్నాను.

2006లో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం నుంచి విడుదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రతి రెఫరెన్సును రచయిత, శీర్షిక, సంపుటి, పేజీలు వంటి వేర్వేరు గళ్లలో దాచుకుంటుంది. వాటిని ఏ వరుసలో, ఏ విరామచిహ్నాలతో అచ్చు వేయాలో చెప్పే శైలి ఫైలు విడిగా ఉంటుంది. అలాంటి శైలులు పది వేలకు పైగా దొరుకుతాయి కనుక, నాకు నాలుగు రోజులు పట్టిన మార్పు ఇప్పుడు శైలి పేరు మార్చినంతలో అయిపోతుంది.

అయితే గళ్లలో తప్పు ఉంటే శైలి దాన్ని దిద్దదు, ఇంకా స్పష్టంగా బయటపెడుతుంది. ‘వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్’ వంటి సంస్థను ఒకే గడిలో కాకుండా ఇంటిపేరు, సొంతపేరు గళ్లలో విడదీసి ఉంచితే, వైద్య జర్నళ్లలో వాడే వాంకూవర్ శైలిలో అది ‘ఆర్గనైజేషన్ డబ్ల్యూ హెచ్’ అనే మనిషిగా మారిపోతుంది. ఇంగ్లీషు శీర్షికలలో ప్రతి మాటకూ పెద్ద అక్షరం పెట్టి దాచుకోవడమూ ఇలాంటి చిక్కే: చిన్న అక్షరాలను పెద్దవి చేయడం శైలికి తేలికే గాని, ఏ మాట మనిషి, ఊరు వంటి వాటి సొంత పేరో దానికి తెలియదు కాబట్టి పెద్ద అక్షరాలను తిరిగి చిన్నవి చేయడం దానికి సాధ్యం కాదు. అందుకే వ్యాసాన్ని లైబ్రరీలో చేర్చిన నిమిషంలోనే దాని గళ్లన్నీ సరిచూడటం అలవాటు చేసుకున్నాను. జీవుల శాస్త్రీయ నామాలకు ఇటాలిక్ గుర్తులు కూడా అప్పుడే పెడతాను.

తప్పులు బయటపడటం వంటి కారణాలతో ఉపసంహరించిన వ్యాసాలను గుర్తించి జొటేరో 2019 నుంచి హెచ్చరిస్తోంది; నాకు అన్నిటికన్నా విలువైన సౌకర్యం అదే. సమీక్షా వ్యాసం రాస్తుండగా ఒకసారి ఆ హెచ్చరిక కనిపించింది. ఆ ఆధారం మీద నిలబెట్టిన పేరా మొత్తాన్ని తిరగరాయవలసి వచ్చినా, అచ్చయ్యాక తెలిసి ఉంటే కలిగే బాధ తప్పింది.

సహరచయితలతో పనిచేసేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. ఎవరైనా పత్రాన్ని వేరే ప్రోగ్రాములో తెరిచి భద్రపరిస్తే అందులోని సైటేషన్లకు (రెఫరెన్సుల ప్రస్తావనలకు) జొటేరోతో ఉన్న లంకెలు తెగి మామూలు అక్షరాలుగా మిగిలిపోవచ్చు, కాబట్టి మూల ప్రతిని నా దగ్గరే ఉంచుకుంటాను.

పంపే ముందు ఆ జర్నల్ తాజా సంచికలోని వ్యాసాల రెఫరెన్సుల జాబితాలతో నా జాబితాను పోల్చి చూస్తాను. ఈ మధ్య అలా చూసినప్పుడే, వాళ్లు ఆరుగురు రచయితల పేర్లు ఇస్తుండగా నా శైలి ఫైలు ముగ్గురి దగ్గరే ఆగిపోతున్నట్టు తెలిసింది. లంకెలు తీసేసిన తుది ప్రతిలో ఆ పేర్లను ఒక్కొక్కటిగా చేర్చి పంపాను.