తొమ్మిది పిన్నుల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు: ఏళ్ల తరబడి వాడాక

చప్పుడు సంగతి ముందే చెప్పేస్తే మంచిది. పక్కన కూర్చుని ఫోను మాట్లాడలేం. కానీ ఈ మిషనుకి ఉన్న విలువంతా ఆ దెబ్బలోనే ఉంది. హెడ్డులో నిలువుగా పేర్చిన 9 పిన్నులు రిబ్బను మీద కొడితే ఆ దెబ్బ కింది కాగితాల దాకా దిగుతుంది. పార్టీకి ఒకటి, లారీ డ్రైవరుకి ఒకటి, ఫైలుకి ఒకటి: మూడు బిల్లులూ ఒక్కసారే వస్తాయి. లేజరు, ఇంక్‌జెట్ కాగితాన్ని కొట్టవు, అందుకే కార్బన్ కాపీ వాటివల్ల కాదు. 1980లో ఎప్సన్ కంపెనీ ఎంఎక్స్-80 ప్రింటరు వచ్చిన నాటి పద్ధతి ఇంకా కౌంటర్ల మీద బతికుందంటే కారణం ఇదే.

పాడయ్యేది కూడా ఆ దెబ్బ వల్లే. హెడ్డుకీ కాగితానికీ మధ్య ఎడం సర్దడానికి హెడ్డు పక్కన చిన్న లివరు ఉంటుంది. ఒంటి కాగితానికి దాన్ని కింది గీత దగ్గర పెట్టాలి, కాపీలు పెరిగేకొద్దీ పైకి జరపాలి. మూడు కాపీలు పెట్టి లివరు మరిచిపోతే మసి అంటుతుంది, రిబ్బను ముడుచుకుంటుంది, చివరికి పిన్ను విరుగుతుంది. మరీ ఎక్కువ జరిపితే ఆఖరి కాపీ చదవలేం.

అక్షరాలన్నిటి మీదా ఒకే ఎత్తులో తెల్ల గీత వస్తే ఒక పిన్ను పోయినట్టు. అక్షరాలు బాగానే ఉండి అండర్‌లైను మాత్రం రాకపోతే అడుగు పిన్నును అనుమానించాలి. గీత లైనులో ఒకచోట కనిపించి ఇంకోచోట మాయమైతే మాత్రం హెడ్డు జోలికి పోవద్దు. అది హెడ్డుతో పాటు అటూ ఇటూ వంగే పట్టీ కేబులు తెగిన లక్షణం, చాలా తక్కువలో పోతుంది. ఇది తెలియక హెడ్డు మార్చేసేవాళ్లే ఎక్కువ.

రిబ్బను ఇంకులోని నూనె పిన్నులకు కందెన కూడా. వెలిసిన రిబ్బను మీద స్టాంపు ప్యాడు సిరా పోయడం పిసినారితనం కాదు, హెడ్డుకి హాని. పోగులు లేచిన రిబ్బన్ని రీఫిల్ చేయకుండా పారేయండి. పిన్ను ఆ పోగులో చిక్కుకుంటుంది.

మడతలుగా వచ్చే కాగితంలో పేజీ పొడవు 12 అంగుళాలైతే సెట్టింగులోనూ 12 ఉండాలి. అంగుళానికి 6 లైన్ల లెక్కన 72 లైన్లు. 66 లైన్ల 11 అంగుళాల సెట్టింగే ఉంటే పేజీ పేజీకీ అచ్చు ఒక అంగుళం చొప్పున పైకి జరిగి మడత మీద పడుతుంది. చాలామంది అప్పుడు కాగితాన్ని చేత్తో తిప్పి సరిచేస్తారు. కరెంటు ఉండగా రోలరు నాబ్ తిప్పితే లోపలి పళ్లచక్రాలు అరుగుతాయి. ఎల్ఎఫ్ (లైను జరిపేది), ఎఫ్ఎఫ్ (పేజీ జరిపేది) బటన్లు ఉన్నవే అందుకు.

డాస్ ప్రోగ్రాము నుంచి పంపితే బిల్లు చకచకా వస్తుంది. విండోస్ నుంచి పంపితే అక్షరాన్ని బొమ్మగా గీస్తుంది కాబట్టి నత్తనడక. విండోస్‌లోని ప్రింటరు డ్రైవర్లలో ‘జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ’ ఎంచుకుంటే వేగం తిరిగొస్తుంది. 80 కాలమ్ (లైనుకి 80 అక్షరాల) మిషను మీద 132 కాలమ్‌ల రిపోర్టు కావాలంటే ముందు అక్షరాల్ని ఇరుకు చేసే కోడ్ 15 పంపాలి, అయ్యాక మామూలుకి తెచ్చే 18. రెండోది మరిస్తే తర్వాతి బిల్లు కూడా చీమల బారులా వస్తుంది.

తెలుగు సంగతి అడక్కండి. మామూలుగా లోపలి అక్షరాల్లో తెలుగు ఉండదు, బొమ్మగానే కొట్టాలి. 9 పిన్నుల మీద ఒత్తులు అలుక్కుపోతాయి. తెలుగు బిల్లులే ముఖ్యమైతే 24 పిన్నులది చూసుకోండి.

పాతది కొనేటప్పుడు ఎల్ఎఫ్ బటను నొక్కి పట్టుకుని స్విచ్ వేయండి. చాలా మోడళ్లలో కంప్యూటరు లేకుండానే టెస్టు పేజీ కొడుతుంది. నిలువు గీతలు వంకరపోతే హెడ్డు వెళ్తూ కొట్టిందీ తిరిగొస్తూ కొట్టిందీ కుదరట్లేదని అర్థం, అది సర్దుకోవచ్చు. తెల్ల గీత కనిపిస్తే మాత్రం హెడ్డు ధర బేరంలో తగ్గించి అడగండి.