నల్లగొండల డీఎస్సీ సోషల్ కోచింగ్: ప్రపంచ యుద్ధాల క్లాసులు ఎట్లున్నయంటే

ఎస్‌ఏ (స్కూల్ అసిస్టెంట్) సోషల్ టీచర్ పోస్టుకు ప్రిపేర్ అయ్యేటోళ్లు చాలామంది అడుగుతున్నరు, అందుకే రాస్తున్న. క్లాక్ టవర్ దిక్కు నేను పోయే కోచింగ్ సెంటర్ల వరల్డ్ హిస్టరీ మస్తు చెప్తున్నరు, ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధం ఎట్లొచ్చింది అనే పార్టు. పదో తరగతి పుస్తకంల ఉన్నదే, కానీ మనం తేదీలు బట్టీ పట్టి వదిలేస్తం, ఈ సారు ఒకదానికొకటి ముడిపెట్టుకుంట పోతడు.

ఇథియోపియా క్లాసయితే వినాలె అసలు. 1935 అక్టోబర్‌ల ఇటలీ నియంత ముస్సోలినీ ఆ దేశం మీద దండెత్తిండు, నానాజాతి సమితి ఆంక్షలు పెట్టింది గానీ ఆయిల్ మీద పెట్టలె. సారు మ్యాపుల సూయజ్ కాలువ మీద వేలు పెట్టి, ఇటలీ సైనికులు, తుపాకులు అన్నీ ఇక్కడికెల్లే పోయినయి, కాలువ బ్రిటన్, ఫ్రాన్సోళ్ల చేతులనే ఉండె, మూసేస్తే ముస్సోలినీ ఆడనే ఆగిపోవు, మూయలేదు సరికదా టోల్ తీసుకొని మరీ పంపిండ్రు అని చెప్తుంటే నాకైతే కోపమొచ్చింది. అదే చూసుకుంట 1936 మార్చిల హిట్లర్, సైన్యం పెట్టొద్దని ఒప్పందం ఉన్న జర్మనీ ప్రాంతం రైన్‌ల్యాండ్‌ల సైన్యం దింపిండు, ఎవ్వరూ అడ్డం రాలె. 1938ల మ్యూనిక్‌ల బ్రిటన్, ఫ్రాన్సోళ్లు చెకోస్లోవేకియా భూమిని తెగ్గోసి హిట్లర్‌కు ఇచ్చేటప్పుడు ఆ దేశపోళ్లను మాటలకే కూసోనియ్యలె, జాగ పంచాయితీల జాగ ఉన్నాయన్నే బయట నిలబెట్టినట్టు. ఆర్నెల్లు కాకముందే 1939 మార్చిల హిట్లర్ ఆ దేశ రాజధాని ప్రాగ్‌ల ఉన్నడు. ఆగస్టు 23న స్టాలిన్‌తోని ఒప్పందం, సెప్టెంబర్ 1న పోలండ్ మీద దాడి, ఇవి కూడా మంచిగనే చెప్పిండు.

కానీ నియంతలు అసలు గద్దె మీదికి ఎట్లొచ్చిండ్రు అనేది మాత్రం ఉరికిచ్చిండ్రు. మెటీరియల్‌ల "హిట్లర్ అధికారం లాక్కున్నాడు" అని ఒక్క లైనే ఉంది, అది కరెక్ట్ కాదు. 1933 జనవరి 30న జర్మనీ అధ్యక్షుడు హిండెన్‌బర్గే పిలిచి చాన్సలర్‌ను చేసిండు, మార్చి 23న పార్లమెంటును అడగకుంటనే చట్టాలు చేసుకునే అధికారమిచ్చే ఎనేబ్లింగ్ యాక్ట్ 444-94 ఓట్లతోని పాసయింది, అప్పటికే కమ్యూనిస్టు సభ్యులను జైళ్లల వేసిండ్రు, జూలైకల్లా నాజీ పార్టీ తప్ప ఇంకో పార్టీ లేకుంట చట్టం చేసిండ్రు. లోపల వద్దు అనేటోడు ఒక్కడు లేకుంట చేసుకున్నంకనే గదా బయటి దేశాల మీద పడ్డడు. ఈ ముక్క చెప్పకుంట మ్యూనిక్ ఒక్కటే చెప్తే పోరగాళ్లకు తప్పంతా అప్పటి బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్‌దే అనిపిస్తది, రేపు బడిల పిల్లలకు కూడా మనం గదే చెప్తం. ఈ పార్టుకు ఇంకో రెండు క్లాసులు పెట్టాలె, ఆఫీసుల కూడా చెప్పిన, చూస్తమన్నరు.

ఇండియన్ హిస్టరీ పర్వాలేదు, జాగ్రఫీ యావరేజ్. వరల్డ్ హిస్టరీ కోసమైతే కచ్చితంగా జాయిన్ గండ్రి, అయిదుకు నాలుగిస్తున్న. నియంతల పార్టు మాత్రం మెటీరియల్‌ను నమ్ముకోకుండ్రి, పదో తరగతి పుస్తకంల ఆ పాఠాలు ముందే చదువుకొని పోండ్రి, సారును ఆపి అడిగితే విసుక్కోడు, మంచిగనే చెప్తడు.