మోకాలు నొప్పెడితే రెస్టా, ప్రాక్టీసా: ఏది మేలు?

మా వెయిట్‌లిఫ్టింగ్ హాల్లో పది రోజుల్లో ముగ్గురు పిల్లలు ఇదే అడిగారు. "సార్, చిప్ప కింద నొప్పి. మానెయ్యమంటారా, చెయ్యమంటారా?" ఇంట్లోవాళ్లేమో మానెయ్యమంటారు. సీనియర్లేమో క్రేప్ బ్యాండేజీ చుట్టి కొట్టెయ్యమంటారు. నడుము, మోకాలు, భుజం: లిఫ్టర్లని ఎక్కువగా సతాయించేవి ఈ మూడే. అందులో మోకాలి సంగతి నాకు పుస్తకాల్లోంచి కాదు, ఒంట్లోంచి తెలుసు.

పోయినేడాది నాకూ అక్కడే పట్టుకుంది. మెట్లు ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు, దిగేటప్పుడు కలుక్కుమంటుంది. ముందు రెస్టే తీసుకున్నా, ఐదు వారాలు. రెండో వారానికే నొప్పి పోయింది, హాయిగా అనిపించింది. తిరిగొచ్చిన మూడో రోజు 80 కిలోల క్లీన్ (బార్‌ని నేల మీంచి లాగి, కిందికి కూర్చుంటూ భుజాల మీద పట్టడం) పట్టి లేస్తుంటే సరిగ్గా అదే చోట మళ్లీ సూది దిగింది.

చిప్ప కింద వేలు పెడితే తగిలే ఆ గట్టి పట్టీ, మనం నరం అనేది, నిజానికి టెండన్, అంటే కండని ఎముకకి పట్టి ఉంచే తాడు. బరువు మోస్తూ ఉంటేనే దానికి మోసే శక్తి నిలుస్తుంది. ఖాళీగా ఉంచితే నొప్పి తగ్గుతుంది కానీ, నరం ఇంకాస్త బలహీనపడుతుంది, తొడ కండా కరుగుతుంది. మనం మాత్రం పాత బరువు గుర్తుపెట్టుకుని వచ్చి బార్ పట్టుకుంటాం. నా రెస్టు అలాగే వృథా అయింది.

అలాగని సీనియర్లు చెప్పే ప్రాక్టీసూ కాదు. అందరూ పొరబడేది ఇక్కడే: ఆ నరాన్ని బాధపెట్టేది బరువు కంటే వేగం. క్లీన్ పట్టి అడుక్కి కూర్చుని బౌన్స్‌తో లేస్తామే, ఆ క్షణం. జెర్క్ (భుజాల మీది బార్‌ని తల పైకి ఎత్తడం) ముందు మోకాళ్లు టక్కున వంచుతామే, ఆ క్షణం. నరం స్ప్రింగులా సాగి తిరిగి లాగేది అప్పుడే. నెమ్మదిగా దిగి నెమ్మదిగా లేస్తే మంచి బరువునే ఓర్చుకుంటుంది.

అందుకే రెండోసారి ఫుల్ స్నాచ్ (నేల మీంచి ఒకే ఊపులో తల పైకి), ఫుల్ క్లీన్, జెర్క్ ఆపేశా. పుల్స్ (కూర్చోకుండా బార్‌ని పైకి లాగడం), ప్రెస్‌లు (చేతులతో తల పైకి నెట్టడం) ఉంచుకున్నా. మొదటి రెండు వారాలు సగం కూర్చుని కదలకుండా 45 సెకన్లు పట్టుకోవడం, ఐదుసార్లు, మధ్యలో రెండు నిమిషాలు గ్యాప్. తర్వాత స్క్వాట్, అంటే బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం: నాలుగు సెకన్లు కిందికి, నాలుగు పైకి, వారానికి మూడు రోజులు, మెల్లగా బరువు పెంచుకుంటూ. చేస్తున్నప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు. మర్నాడు పొద్దున మెట్లు దిగి చూసుకోవాలి. నిన్నటికన్నా ఎక్కువుంటే నిన్న ఎక్కువ చేశామని లెక్క. నాకు పద్నాలుగు వారాలు పట్టింది. పరమ బోరు కొట్టే పని. పోటీ రెండు వారాల్లో ఉందంటే మాత్రం ఈ రెండు దారులూ అందుకు సరిపోవు. ఆ 45 సెకన్ల పట్టు కాస్త ఉపశమనం ఇస్తుందంతే.

రెస్టే గెలిచే చోట్లూ ఉన్నాయి. టప్‌మని శబ్దం వచ్చినా, మోకాలు వాచినా, మడత పడి తెరుచుకోకపోయినా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికే. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మన లిఫ్టర్ సంకేత్ సర్గర్‌కి క్లీన్ అండ్ జెర్క్ రెండో ప్రయత్నంలో మోచెయ్యి దెబ్బతింది, ఒక్క కిలో తేడాలో బంగారం పోయింది. అలాంటి దెబ్బకి నెమ్మది స్క్వాట్ మందు కాదు. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకి నడుము వెనక్కి వంచితే ఒక పక్కే నొప్పి వస్తోందంటే వెన్నెముకలో సన్నటి చీలిక ఉండొచ్చు. అక్కడ నెలల తరబడి ఆగాల్సిందే. పెద్దవాళ్ల నడుముకైనా ఒక్కోసారి అంతే. మీరాబాయి చాను నడుము నొప్పితో 2018 ఆసియా క్రీడలే వదులుకుంది. 2021 ఏప్రిల్‌లో క్లీన్ అండ్ జెర్క్‌లో 119 కిలోల ప్రపంచ రికార్డు ఎత్తింది. పోటీ వదులుకుంటే కెరీర్ పోతుందని భయపడే తల్లిదండ్రులకి నేను చెప్పేది ఈ సంగతే.

మిగతావి: మోకాలికి తొడిగే స్లీవ్ వేడిగా ఉంచుతుంది, ధైర్యమిస్తుంది. ఐస్ పెట్టుకుంటే పెట్టుకోండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఆ నరంలోకి వద్దు, తెగే ప్రమాదం ఉంది. పైగా 2022 నుంచి పోటీ సమయంలో ఏ రకం స్టెరాయిడ్ ఇంజెక్షనైనా డోపింగ్ కిందికే వస్తుంది.

ఆ ముగ్గురిలో ఒకడికి మోకాలు వాచి ఉంది, స్కాన్‌కి పంపించా. మిగతా ఇద్దరూ నెమ్మది స్క్వాట్‌లో ఉన్నారు. చిన్నోడు "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని రెండు సెకన్లలో లెక్క ముగించేస్తున్నాడు. నిన్నటి నుంచి లెక్క నేనే పెడుతున్నా.