ఏడేళ్లకు మూడు శాతం అరిగిన ఆప్టేన్ 900పి

ఇంటెల్ వాళ్ల 280 జీబీ ఎస్‌ఎస్‌డీ (చిప్పుల్లో డేటా దాచే డ్రైవు) ఆప్టేన్ 900పి ఏడేళ్లుగా నా డెస్క్‌టాప్‌లో ఉంది. దాని అంకెలు అందరూ చదివినవే, వాటి జోలికి పోను. నాకు నచ్చింది ఒక్కటే: నిండుగా ఉన్నా, గంటల తరబడి రాస్తూనే ఉన్నా దీని స్పీడు పడిపోదు. కొన్న కొత్తలో అదేం పెద్ద విషయం అనిపించలేదు, పోయినేడాది ఇంకో డ్రైవు కొన్నాక తెలిసొచ్చింది.

అది 1 టీబీ క్యూఎల్‌సీ రకం, అంటే ఒక్కో మెమరీ సెల్‌లో 4 బిట్లు దాచే ఎస్‌ఎస్‌డీ, కంపెనీ పేరెందుకులెండి. ఒక రాత్రి 220 జీబీ డేటాబేస్ బ్యాకప్‌ని ఆప్టేన్ నుంచి దానిలోకి కాపీ పెట్టాను. అప్పటికే అది ముప్పాతిక నిండి ఉంది. సెకనుకు 2 జీబీ చొప్పున పోతోంది, రెండు నిమిషాలు పడుతుందని చూపిస్తోంది, సరే అయిపోతుందిలే అని లేచి మంచినీళ్లు తాగి వచ్చేసరికి గ్రాఫు నిట్టనిలువునా పడిపోయి నేల కరుచుకుని ఉంది. సెకనుకు 90 ఎంబీ! పాత హార్డ్ డిస్కే నయం. వేడెక్కిందేమో అని చూశాను, లేదు. డ్రైవే పోతోందేమో అని ఒకటే టెన్షన్. రెండు నిమిషాలన్నది కాస్తా అరగంట పట్టింది.

తీరా చూస్తే దాని తీరే అంత. ఒక్కో సెల్‌లో 4 బిట్లు కుక్కాలంటే 16 వోల్టేజీ మెట్లలో సరైనదాని మీద ఆపాలి, అది నెమ్మది పని. అందుకని ముందు ఖాళీ సెల్స్‌లో ఒక్కో బిట్టే గబగబా రాసేసి, తర్వాత తీరిగ్గా సర్దుకుంటుంది. నా దాంట్లో ఖాళీయే పావు వంతు, ఒక్కో బిట్టే రాస్తే అందులోనూ నాలుగో వంతే పడుతుంది, ఇక ఆ గబగబా రాసే చోటు 60 జీబీకే నిండిపోయింది.

ఆప్టేన్‌కి ఈ తిప్పలు లేవు. మామూలు ఎస్‌ఎస్‌డీల్లో వాడే నాండ్ చిప్పుల్లోలా బ్లాకు మొత్తం చెరిపే పనిలేకుండా ఉన్నచోటే తిరగరాస్తుంది. మొన్న స్మార్ట్ రిపోర్టు (డ్రైవు తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే లెక్క) తీస్తే ఇప్పటిదాకా రాసింది 155 టీబీ, అరుగుదల 3 శాతం. కంపెనీ చెప్పిన పరిమితి 5,110 టీబీ. ఈ లెక్కన ముందు అరిగేది నేనే.

అలాగని అన్నిట్లో ఇదే ముందుంటుందని కాదు. పెద్ద ఫైళ్లు చదవడంలో ఇప్పటి జెన్4 (నాలుగో తరం కనెక్షన్) డ్రైవులు సెకనుకు 7 జీబీ దాకా వెళ్తాయి, ఇది 2.5 దగ్గరే ఆగిపోతుంది. బూట్ అవడంలో, బ్రౌజర్ తెరవడంలో నాకైతే తేడా కనబడలేదు. పని లేనప్పుడు కూడా హీట్‌సింక్ వెచ్చగానే ఉంటుంది. 280 జీబీ ఏ మూలకీ చాలదు. పైగా 2022లో ఇంటెల్ ఆప్టేన్ వ్యాపారమే మూసేస్తున్నామంది, ఐదేళ్ల వారంటీ నాకెప్పుడో అయిపోయింది, ఇది పోతే ఇలాంటిది కొత్తది దొరకదు.

నాది రోజంతా డేటాబేస్ ఇండెక్సులు కట్టే పని, చిన్నచిన్న రీడ్లు, రైట్లే ఎక్కువ, కాబట్టి నాకు గిట్టుబాటైంది. సినిమాలు, గేములు దాచుకునేవాళ్లు పాతది వెతికి మరీ కొనాలని నేను చెప్పను. ఆ క్యూఎల్‌సీ డ్రైవునీ పారేయలేదు, ఫొటోలు పెట్టుకున్నాను. సగానికి మించి మాత్రం నింపట్లేదు.