చెన్నై–రాజమండ్రి ఏటీఆర్: నెమ్మదే దీని సుఖం, సంక్రాంతికి తప్ప

చెన్నై నుంచి రాజమండ్రి విమానాశ్రయం ఉండే మధురపూడికి మ్యాపు మీద గీత గీస్తే సుమారు 490 కిలోమీటర్లు. దూరాలు లెక్కగట్టే సైట్లు దాన్ని జెట్ వేగంతో భాగించేసి ముప్పావుగంట అంటాయి. నమ్మకండి. నేనెక్కేది ఏటీఆర్, రెక్కలకు పంకాలుండే చిన్న విమానం. గంటకు 500 కిలోమీటర్లు పోతే అదే దాని పరుగు. పైకి లేవడం, కిందికి దిగడం కలుపుకుంటే గాల్లోనే గంట దాటుతుంది.

నాకు ఆ నెమ్మదే ఇష్టం. రెక్క నెత్తిమీద ఉంటుంది కాబట్టి కిటికీలోంచి చూస్తే కింద నేలే కనిపిస్తుంది. జెట్లంత ఎత్తుకూ పోదు. మబ్బు లేని రోజున చేపల చెరువులు ఏ గట్టుకా గట్టు విడిగా తెలుస్తాయి. అదృష్టం బాగుంటే గోదారి మీద హేవలాక్ వంతెన, రోడ్డు కం రైలు వంతెన, ఆర్చి వంతెన వరసగా చూడొచ్చు. వెనక సీట్లు అడిగి తీసుకోండి: ముందు పంకాల హోరు ఎక్కువ, పైగా ఎక్కేదీ దిగేదీ వెనక తలుపులోంచే.

ఎవరడిగినా పొద్దున్న విమానమే ఎక్కమని చెప్పేవాణ్ణి. భోగి ముందురోజు దాకా.

ఆ రోజు చెన్నైలో ఎండ ఫెళ్ళున కాస్తోంది. మధురపూడి దగ్గరకొచ్చాక కింద పొలాల్లేవు, దూది పరిచినట్టు మంచు. రన్‌వే కనిపించట్లేదు, కాసేపు చూద్దామన్నాడు పైలట్. చుట్టూ తిప్పాడు. పక్క సీట్లో పెద్దాయన కిటికీకి మొహం ఆనించి, "ఆ పొగ కిందే మా ఊరండీ బాబూ, కొంచెం కిందకి దింపితే మేమే చెప్తాం కదండీ రోడ్డెక్కడుందో" అంటున్నాడు. నవ్వాను గానీ, ఇంకో చుట్టు అయ్యాక విమానం తిరిగి చెన్నై దారి పట్టింది. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. మంచుకి వాళ్ళేం చేస్తారు, దానికి నా కోపం లేదు. దిగాక కౌంటర్లో "డబ్బు వాపసా, రేపటి సీటా" అని తప్ప ఒక్క ముక్క చెప్పలేదు, అదీ కోపం. పండగ ముందు రైల్లో బెర్తు ఎక్కడ దొరుకుతుంది? రాత్రి ప్రైవేటు బస్సులో కూలబడ్డాం. ఇంటికి చేరేసరికి భోగిమంట ఆరిపోయి, పిల్లలు తలంట్లు కూడా పోసుకునేశారు.

ఇప్పుడు డిసెంబరు, జనవరి నెలల్లో మధ్యాహ్నం విమానం ఉంటేనే కొంటున్నాను. లేదంటే ఎగ్మోర్లో సాయంత్రం సర్కారు ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కేయడమే, తెల్లారేసరికి గోదారి దాటిస్తుంది.

మేముండేది గిండీలో, మెట్రో ఎక్కితే విమానాశ్రయం పక్కనే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పై బెర్తు వస్తే ఎక్కలేదు. అందుకే మాకీ ఖర్చు గిట్టుబాటు. పెరంబూరు వైపు ఉండి, మధురపూడి నుంచి ఇంకా అమలాపురం దాకా కారు మాట్లాడుకోవాల్సిన వాళ్ళకి ఇదే మాట చెప్పలేను. తిరుగు ప్రయాణంలో బియ్యం మూట, ఆవకాయ జాడీ ఉంటే మేమూ రైలే.